మలుపు అవతలి కూత

ఓల్డ్ రివర్ పార్కు, మిస్సోరీ
1974 జూన్ 9

మేవిస్ అక్కకి,

బతికే ఉన్నాను. ముందుగా ఆ ముక్క రాయకపోతే కవరు చింపుతూనే తిట్లు మొదలుపెడతావు. మాత్రలు వేసుకుంటున్నాను, మందు ముట్టుకోవడం లేదు. నా గదిలో ఫోన్ లేదు కాబట్టి ఉత్తరాలతోనే సరిపెట్టుకో.

కొత్త ఉద్యోగం గురించి అడిగావు. నవ్వనంటే చెబుతాను. గుండె బాగోలేదని లైసెన్సు లాక్కున్న తరవాత మళ్ళీ సరంగు టోపీ పెడతాననుకోలేదు. పెట్టాను. కానీ ఈ పడవకి సరంగుతో పనే లేదక్కా! పేరు "మిస్ ఫ్లోరా". తెల్లగా రెండంతస్తులు, వెనక ఎర్ర తెడ్ల చక్రం, పెళ్ళికూతురి కేకులా ఉంటుంది. నీళ్ళ కింద ఇనప పట్టా వేశారు. దాన్ని పట్టుకుని చెరువు మధ్యలో ఉన్న దీవి చుట్టూ తనే తిరిగొస్తుంది, ట్రాము బండిలాగా. పైన గదిలో నిలబడి చుక్కాని చక్రం అటూ ఇటూ తిప్పుతుంటాను. అది దేనికీ తగిలించి లేదు. పిల్లలు కింది నుంచి చూసి చేతులు ఊపుతారు, నేను గంభీరంగా మొహం పెడతాను. ఒక్క బాయిలరు మాత్రం నిజం. దాని దగ్గర రాస్కో అని ఒకాయన ఉంటాడు, రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

ఒడ్డున బొమ్మలు పెట్టారు. తలెత్తి చూసే జింక, తగలబడుతున్నట్టు కనిపించే గుడిసె, గాలం పట్టుకున్న ముసలాడు. పడవ దగ్గరికొస్తే ముసలాడు చెయ్యి ఎత్తి ఊపుతాడు, అంతే, ఇంకే పనీ చెయ్యడు. అచ్చం మన లెస్టర్ బాబాయి. ఆ పేరే పెట్టాను.

దీవి వెనక ఒక మలుపు ఉంది. విల్లో చెట్లు నీళ్ళలోకి వాలి ఉంటాయి, ముందు ఏముందో కనపడదు. నీకు తెలుసుగా, నది మీద అలాంటి చోట చెయ్యి దానంతట అదే కూత తాడు మీదికి పోతుంది. ఒక పొడుగు కూత వేస్తాం, అవతల ఎవరన్నా ఉంటే వాళ్ళూ ఒకటి వేస్తారు. ఈ చెరువులో ఉన్నది ఒక్క పడవే అని తెలిసినా మొదటి రోజే కూత వేశాను. జనం చప్పట్లు కొట్టారు. తమాషా ఏమిటంటే అవతల నుంచి జవాబు వచ్చింది! కొండ ప్రతిధ్వని అయ్యుంటుంది. మా కూత గంటలా ఖంగుమంటుంది, ఆ కొండది మాత్రం మధ్యలో బొంగురుపోతుంది, జలుబు చేసిన ఆవు అరిచినట్టు. ఈ ఊళ్ళో కొండలకి కూడా గొంతు బాగోలేదు.

వర్జిల్‌కి ఏం చెప్పావు? సుత్తులూ మేకులూ అమ్మేవాడైనా మంచివాడు. ఎన్నాళ్ళు తిప్పుతావు పాపం ఆయన్ని?

నీ తమ్ముడు,
కెప్టెన్ డ్యూయీ (నవ్వకు)


కాల్డర్స్ రేవు, కెంటకీ
1974 జూన్ 17

డ్యూయీ,

నవ్వాను. సగం దాకా. చర్చికి వెళ్ళేముందు వరండాలో కూర్చుని చదువుతున్నాను, పక్కింటి బెర్తా "ఏమిటంత కులుకు" అని కూడా అడిగింది. తరవాత ఆ కొండ గొంతు గురించి చదివాను. ఆ ఆదివారం చర్చికి వెళ్ళలేదు.

నీకు తెలివితేటలు ఉన్నాయో లేవో నాకెప్పుడూ అర్థం కాదు. మధ్యలో బొంగురుపోయే కూత ఈ నది మొత్తం మీద ఒక్క పడవకే ఉండేది. మీ బావ ఒరిన్ నడిపిన "ఐడా బెల్"కి. కంపెనీవాళ్ళు మారుస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. "ఇది మారిస్తే మేవిస్ నన్ను గుర్తుపట్టదు" అన్నాడట. ఈ వీధిలో ఆడవాళ్ళందరికీ ఎవరి మొగుడి కూత వాళ్ళకి తెలుసు. మన రేవు పక్క మలుపులో కూత వినపడగానే పొయ్యి మీద పెనం పెట్టేవాళ్ళం, వరండాలో దీపం వెలిగించేవాళ్ళం. వాళ్ళు మలుపు తిరిగి దీపం చూసి, ఒక పొట్టి కూత వేసేవాళ్ళు. విన్నాను, వస్తున్నాను అని. నువ్వే ఆ మెట్ల మీద కూర్చుని మొక్కజొన్న రొట్టెలు మెక్కినవాడివి. ఇప్పుడు మర్చిపోయినట్టు నటిస్తున్నావా?

వర్జిల్‌ని చేసుకోమని నోటితో చెబుతూ, ఇంకో పక్క ఒరిన్‌ని గుర్తుచేసి పొడుస్తున్నావు. నీకు ఆయన నచ్చకపోతే సూటిగా రాయి. ఇలాంటి వెటకారాలు నా దగ్గర వద్దు.

వర్జిల్ మొన్న వచ్చి చూరు బాగుచేశాడు. వరండాలో బల్బు లేదని చూసి తన కొట్లోంచి తెచ్చి పెడతానన్నాడు. వద్దన్నాను. పదిహేడేళ్ళ కింద నేనే తీసేశానని ఆయనకి చెప్పలేదు.

మాత్రలు మానకు.

మేవిస్


ఓల్డ్ రివర్ పార్కు
జూన్ 25

అక్కా, అక్కా, అక్కా,

నీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు. నేను నిన్ను పొడుస్తానా? ఒట్టు, ఆ ముక్క రాసేటప్పుడు బావ ఆలోచనే లేదు. జలుబు చేసిన ఆవు అని ఏదో నోటికొచ్చింది రాశాను. అది కొండే. కచ్చితంగా కొండే. రాస్కోని కూడా అడిగాను, కొండే అన్నాడు. గాలి మారితే ప్రతిధ్వని బొంగురుపోతుందట. ఈ మధ్య అసలు రావడమే మానేసింది. నువ్వు దాని గురించి ఆలోచించకు. అందులో ఏమీ లేదు.

వర్జిల్ నాకు నచ్చాడు. ఆయన చేతి గోళ్ళ కింద గ్రీజు ఉంటుంది, నోట్లో అబద్ధం ఉండదు. ఇంకేం కావాలి? చేసుకో. ఈ వేసవిలోనే చేసుకో.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నిన్న ఒకావిడ పడవ ఎక్కి, నది ఎటు పారుతోందని అడిగింది. గుండ్రంగా అన్నాను. మేనేజర్ కెస్లర్‌కి ఫిర్యాదు చేసింది.

మళ్ళీ చెబుతున్నాను, ఏమీ లేదు.

డ్యూయీ


కాల్డర్స్ రేవు
జూలై 5

డ్యూయీ,

చిన్నప్పుడు జాడీలో చెయ్యి పెట్టి దొరికిపోయినప్పుడు కూడా ఇలాగే "లేదు, లేదు, లేదు" అనేవాడివి. నిజంగా ఏమీ లేకపోతే నువ్వు ఒక్కసారి చెప్పి వాతావరణం గురించి రాస్తావు. కిందటి ఉత్తరంలో ఎన్నిసార్లు లేదన్నావో గుర్తుచేసుకో. రోజుకి పది మాటలు మాట్లాడని రాస్కో గాలి గురించీ ప్రతిధ్వని గురించీ ఉపన్యాసం ఇచ్చాడా?

నేను తిట్టింది తప్పే. నువ్వు వెటకారం చేశావనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే వెటకారం చెయ్యలేదు, భయపడ్డావు. నువ్వు భయపడితేనే జోకులు ఎక్కువవుతాయి.

నేనూ ఒక మాట దాచకుండా చెబుతాను. చలికాలం రాకముందే జవాబు చెబుతానని వర్జిల్‌కి మాట ఇచ్చాను. చేసుకోవాలనే ఉంది. ఆయన వంటింట్లోకి వస్తే ఇల్లు వెచ్చగా ఉంటుంది. కానీ ఒరిన్ శవం దొరకలేదు, నేను సమాధి రాయి వేయించలేదు, ఫాదర్ అడిగినప్పుడల్లా తరవాత అన్నాను. ఒకడిని అలా గాల్లో వేలాడదీసి ఇంకొకడి చెయ్యి ఎలా పట్టుకోను? అది ఒరిన్ కాకపోతే కాదని చెప్పు, హాయిగా నిద్రపోతాను. అయితే అయిందని చెప్పు. ఏదో ఒకటి తెలియకుండా మాత్రం నేను ఆ పెళ్ళి చేసుకోలేను.

ఒక్కటే అడుగుతాను. నువ్వు కూత వెయ్యని రోజు అది వినిపించిందా?

అక్క


ఓల్డ్ రివర్ పార్కు
జూలై 20

అక్కా,

వినిపించింది.

రెండు వారాలు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే రాస్తే నిజమైపోతుందని. ఒక రోజు పైలట్ గదిలోకి కందిరీగ వచ్చింది. దాన్ని తోలుతూ మలుపు దగ్గర తాడు లాగడం మర్చిపోయాను. అవతల నుంచి పొడుగు కూత వచ్చింది. అదే బొంగురు. కింద జనం చప్పట్లు కొట్టారు, నేను వేశాననుకుని. రాస్కో మెట్ల మీద సగం దాకా వచ్చి నా చేతుల వైపు చూశాడు. నా చేతిలో టోపీ ఉంది. గబగబా దిగిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన మలుపు దగ్గర బాయిలరు గది తలుపు వేసుకుంటున్నాడు.

అంటే ఇన్నాళ్ళూ అది నాకు జవాబు ఇవ్వడం లేదు. అదే పిలుస్తోంది. నేను జవాబు ఇస్తున్నాను.

ఇంకా ఉంది. నేను పొడుగు కూతతో ఇక్కడ ఉన్నానని చెప్పగానే, ఈ మధ్య ఒక పొట్టి కూత కూడా వేస్తోంది. నీకు తెలిసినదే: నేను కుడికి జరుగుతున్నాను, నువ్వూ నీ కుడికి జరుగు, ఎడమ పక్కలు దగ్గరగా తప్పుకుందాం అని. నేనూ ఒకటి వేస్తే ఒప్పుకున్నట్టు. ఎలా ఒప్పుకోను అక్కా? నా పడవ పట్టా మీద ఉంది. గడ్డి పరకంత కూడా పక్కకి జరగదు. నది మీద కూత అంటే మాట. జరుగుతానని కూసి జరగకపోతే గుద్దుకుంటాం. అందుకని తాడు పట్టుకుని ఊరికే నిలబడుతున్నాను. జవాబు రాకపోయేసరికి అది ఆగిపోతుంది. మళ్ళీ తరవాతి చుట్టులో మొదలు, ఇంకాస్త దగ్గరగా. నిన్న విల్లో కొమ్మలు ఊగాయి. గాలి లేదు.

ఇంతమంది పిల్లలు పడవ మీద ఉంటారు. మానేద్దామంటే, నేను లేకుండా ఇంకెవడో ఆ గదిలో నిలబడతాడు, వాడికి అసలేమీ తెలియదు. పైగా కెస్లర్ ఆవిరి కూత తీసేసి వేసవి అయ్యాక టేపు పెడతాడట, మీట నొక్కితే మోగుతుంది, ఖర్చు తక్కువని.

బావ గొంతు అది. నేను గుర్తుపట్టాను. మొదటి రోజే గుర్తుపట్టాననుకుంటాను.

డ్యూయీ


కాల్డర్స్ రేవు
ఆగస్టు 5

డ్యూయీ,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. ముందు ఏడ్చాను. తరవాత నీ మీద చచ్చేంత కోపం వచ్చింది.

ఒరిన్ పోయిన రాత్రి పొగమంచులో ఏం జరిగిందో బతికి బయటపడ్డ పడవ పనివాడు నా ముందు కూర్చుని చెప్పాడు. నువ్వు అప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో ఉన్నావు, అందుకే నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. విను. ఒరిన్ మలుపు దగ్గర పొడుగు కూత వేశాడు. అవతల సరుకు బార్జీలు తోసుకొస్తున్న పడవ ఉంది, దాన్ని నడిపేవాడు వినీ జవాబు ఇవ్వలేదు, ఎందుకో దేవుడికి తెలియాలి. ఒరిన్ మళ్ళీ వేశాడు. జవాబు రాలేదు కాబట్టి దారి ఖాళీగా ఉందనుకుని మలుపు తిరిగాడు. అంతే.

ఇప్పుడు నువ్వేం చేస్తున్నావో తెలుస్తోందా? తాడు చేతిలో పట్టుకుని, విని కూడా, జవాబు ఇవ్వకుండా నిలబడుతున్నావు. వాడు చేసిన పనే! పదిహేడేళ్ళు ఆ మనిషి మలుపు దగ్గర నిలబడి దారి అడుగుతున్నాడు, తీరా వినేవాడు ఒకడు దొరికితే వాడు నా తమ్ముడై ఉండి నోరు మూసుకున్నాడు.

పట్టా గిట్టా నాకు చెప్పకు. నేను వస్తున్నాను. ఇరవై నాలుగు, శనివారం. వర్జిల్ తన ట్రక్కులో తీసుకొస్తాడు. ఆయనకి సరదాగా పడవ షికారు అని చెప్పాను. టేపు పెట్టకముందే ఒరిన్‌కి జవాబు ఇద్దాం. దారి ఇద్దాం. ఆయన తన దారిన పోతాడు, నేను నా దారిన పోతాను.

గది శుభ్రంగా ఉంచు, వర్జిల్ నీ గదిలోనే పడుకుంటాడు.

అక్క


ఓల్డ్ రివర్ పార్కు
ఆగస్టు 28

అక్కా,

మీరు క్షేమంగా చేరారని వర్జిల్ కార్డు వచ్చింది. ఆయన చేతిరాత కూడా మేకుల్లాగే నిటారుగా ఉంది.

కార్లు పెట్టే చోట నన్ను అడిగావు, ఏం చూశావని. ఆయన పక్కనే ఐస్‌క్రీము తింటూ నిలబడ్డాడు, ఎలా చెప్పను? నువ్వేమో తాడు లాగిన దగ్గర నుంచి కళ్ళు మూసుకున్నావు. ఇప్పుడు చెబుతాను.

ఎండ కాస్తూనే ఉంది. పొగమంచు లేదు. నువ్వు మొదటి పొడుగు కూత లాగావు, అటు నుంచి వచ్చింది, నేను నీ భుజం పట్టుకున్నాను. దాని పొట్టి కూత వచ్చింది. నువ్వు ఆలోచించకుండా ఒక పొట్టి కూత లాగేశావు. ఇంక మాట ఇచ్చేశాం. నేను చుక్కాని చక్రాన్ని కుడికి తిప్పాను. దేనికీ తగిలించని చక్రం అని తెలుసు. అయినా నా బలమంతా పెట్టి తిప్పాను. బరువుగా తిరిగింది అక్కా, అచ్చం నది మీద లాగా, నీళ్ళు ఎదురు తోస్తున్నట్టు.

పడవ పక్కకి జరిగింది. కింద ఎక్కడో ఇనుము కీచుమంది.

ఎడమ వైపు ఏమీ కనపడలేదు. అబద్ధం చెప్పను, పడవా లేదు, మనిషీ లేడు. కానీ నా ఎడమ చెంపకి బాయిలరు వేడి తగిలింది. బొగ్గు పొగ వాసన వచ్చింది, మేం నూనె కాలుస్తాం కదా. విల్లో కొమ్మలు వరసగా పక్కకి తొలగి, వరసగా మళ్ళీ మూసుకున్నాయి. తరవాత అల వచ్చింది. మిస్ ఫ్లోరా ఉయ్యాలలా ఊగింది, కింద ఆడవాళ్ళు కేకలు పెట్టి నవ్వారు, ఇదీ ఆటలో భాగమే అనుకుని. ఒడ్డున లెస్టర్ బాబాయి నడుం దాకా తడిసిపోయాడు. ఆయన చెయ్యి పైకి లేచింది. మనం ఇంకా అంత దగ్గరికి వెళ్ళలేదు, మనల్ని చూసి లేచింది కాదు.

మనందరినీ చిన్న పడవల్లో ఒడ్డు చేర్చాక, మరునాడు ఈతగాళ్ళని దింపి చూశారు. పడవ పట్టా మీద లేదు. పక్కకి దిగి బురదలో కూర్చుంది. కెస్లర్ మొహం టమాటాలా అయిపోయింది. "ఏం చేశావయ్యా, ఆ చక్రం ఉత్త బొమ్మ కదా!" అని అరిచాడు. "బొమ్మ చక్రం తిప్పితే పడవ దిగిందంటారా సార్?" అన్నాను. అక్కడికక్కడే ఉద్యోగం పీకేశాడు. పడవ ఈ ఏటికి మూసేశారు. వచ్చే నెలాఖరు దాకా గది అద్దె కట్టాను కాబట్టి ఉంటున్నాను. రోజూ సాయంత్రం చెరువు గట్టు మీద కూర్చుంటున్నాను. కూత లేదు. కప్పలు, అంతే. నా మనసులో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

బావ వెళ్ళిపోయాడు అక్కా. చేసుకో ఇంక.

నిరుద్యోగి,
డ్యూయీ


కాల్డర్స్ రేవు
సెప్టెంబరు 15

డ్యూయీ తమ్ముడూ,

అక్టోబరు అయిదు, శనివారం, పదకొండు గంటలకి. సూటు ఇస్త్రీ చేయించుకో. లేదా చెయ్యకుండా పంపు, నేనే చేస్తాను, నువ్వు కాల్చేస్తావు.

గురువారం ఒరిన్‌కి రాయి వేయించి ప్రార్థన జరిపించాం. కింద ఎవరూ లేని సమాధి రాయి అది, అయినా దాని మీద ఆయన పేరు చూస్తే గుండె మీద నుంచి ఏదో దిగినట్టయింది. ఫాదర్ పొడుగ్గా మాట్లాడాడు, బెర్తా అందరికన్నా ఎక్కువ ఏడ్చింది, ఆవిడకి ఒరిన్ అంటే పడేది కాదు. వర్జిల్ వెనక వరసలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ముందుకి రమ్మంటే రాలేదు. "ఆయన చోటు ఆయనది" అన్నాడు. అప్పుడు నేను ఆయన్ని ప్రేమిస్తున్నానని తెలిసింది. నలభై ఎనిమిదేళ్ళ దాన్ని ఇలా రాస్తుంటే సిగ్గేస్తోంది, ఎవరికీ చూపించకు.

ఇల్లంతా సున్నం వేయించాం. వరండాలో బల్బు కూడా పెట్టనిచ్చాను. కొత్త మీట, కొత్త తీగ, పెళ్ళి కానుకట అది. బల్బు కానుకగా ఇచ్చే పెళ్ళికొడుకుని ఎక్కడన్నా చూశావా? ఇంకా వెయ్యలేదు. పెళ్ళి రోజు వేద్దామన్నాను.

చిన్న సంగతి, ఊరికే అడుగుతున్నాను. ఆ రోజు నేను కళ్ళు మూసుకున్నానుగా. మనకి ఎడమ పక్క నుంచి పోయాడన్నావు. ఎటు పోతున్నాడు? ఎగువకా, దిగువకా?

నీ అక్క


ఓల్డ్ రివర్ పార్కు
సెప్టెంబరు 22

పెళ్ళికూతురికి,

సూటు నేనే ఇస్త్రీ చేశాను. కాలర్ కొంచెం కాలింది. టై కప్పేస్తుంది.

ఎగువా దిగువా ఏమిటక్కా, అది గుండ్రటి చెరువు! నీరు పారదు, కెస్లర్ గొట్టంతో నింపుతాడు. అయినా అడిగావు కాబట్టి ఆలోచించాను. నేను సరంగుని, మలుపులో ఎదురొచ్చే పడవ ఏ వైపుకి పోతోందో లోపల ఎక్కడో తెలిసిపోతుంది. తెడ్లు నీటిని బలంగా కొడుతున్నాయి, నెమ్మదిగా, ఆయాసపడుతూ. ప్రవాహానికి ఎదురీదే పడవ చప్పుడు అది. ఎగువకే.

ఎందుకు అడిగావు?

వచ్చే వారం బస్సు ఎక్కుతాను, శుక్రవారానికి నీ దగ్గర ఉంటాను. వర్జిల్‌కి చెప్పు, కానుకగా నేనూ ఒక బల్బు తెస్తున్నానని.

డ్యూయీ


కాల్డర్స్ రేవు
అక్టోబరు 2, బుధవారం

డ్యూయీ,

నువ్వు బస్సులో ఉన్నావేమో, ఈ ఉత్తరం నీకు అందదేమో. నీ గది యజమానురాలికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అయినా రాస్తున్నాను. ఎవరికో ఒకరికి చెప్పాలి, ఇక్కడ ఎవరికీ చెప్పలేను.

ఎందుకు అడిగానో చెబుతాను. మనం దారి ఇద్దామనుకున్నాం. ఆయన పోతాడనుకున్నాం. ఎక్కడికి పోతాడో మనిద్దరిలో ఒక్కరమూ ఆలోచించలేదు. ఆ రాత్రి ఒరిన్ ఎగువకి వస్తున్నాడు డ్యూయీ. సరుకు దింపేసి ఖాళీగా వస్తున్నాడు. ఇంటికి.

సోమవారం సాయంకాలం పెరట్లో బట్టలు తీస్తుంటే దూరంగా వినిపించింది, దిగువన ఎక్కడో. రైలనుకున్నాను. రైలే అనుకుని లోపలికి వచ్చి తలుపు వేశాను. నిన్న ఇంకా దగ్గర, ఊరికి దిగువనున్న దీవి రేవు దగ్గర నుంచి. మధ్యలో బొంగురు. ఈ నది మీద ఆవిరి పడవలు పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు.

నాకు పిచ్చి పట్టిందనుకుంటే బాగుండేది. ఇవాళ వర్జిల్ కుర్చీలు దింపడానికి వచ్చాడు. పొద్దు గుంకి చీకటి పడుతోంది. ఇద్దరం వంటింట్లో కాఫీ తాగుతున్నాం. మన ఊరి పక్క మలుపులోంచి పొడుగ్గా కూత వచ్చింది. గాజు పలకలు కదిలాయి. వర్జిల్ చెవులు చాలా చురుకు. కప్పు దింపి, "మేవిస్, ఎవరి పడవ అది? ఈ రోజుల్లో ఆవిరి కూత ఎవరు వేస్తున్నారు?" అన్నాడు. కిందికి చూసుకుంటే నా చేతులు పొయ్యి మీద పెనం పెట్టేశాయి. దాని కింద మంట కూడా వెలిగించాయి.

కూత ఆగింది. జవాబు కోసం ఆగినట్టు ఆగింది. జవాబు ఇవ్వకపోతే ఆ మనిషికి ఏమవుతుందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఇస్తే ఏమవుతుందో తెలియదు. ఇద్దరిలో ఒకరికి అన్యాయం చెయ్యాలి. నేను ఏప్రన్ అంచు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. శనివారం నా పెళ్ళి, డ్యూయీ. ఇంకో రెండు రోజులు ఓర్చుకుంటే చాలు, విననట్టు ఉందాం అనుకున్నాను. అవును, ఆ బార్జీల పడవవాడిలాగే. నేనూ అదే పని చెయ్యబోయాను.

వర్జిల్ కిటికీలోంచి రేవు వైపు చూశాడు. "పాపం, ఎవరో చీకట్లో దారి వెతుక్కుంటున్నట్టున్నారు" అని లేచాడు. నాకు అర్థమై, నోరు తెరిచి, వద్దనే లోపల ఆయన వరండా లైటు వేశాడు.

మలుపులోంచి ఒక పొట్టి కూత వచ్చింది.

మేవిస్